బ్లడీ మేరీ ఎక్కడ పుట్టింది, ఎన్ని రూపాలెత్తింది, మీ గ్లాసు చల్లారిన చారులా ఎందుకైంది

మీరు అడిగింది పైకి ఒక ప్రశ్నే అయినా అందులో నాలుగున్నాయి. డాలస్‌లో ఆఫీసు స్నేహితులతో ఆదివారం బ్రంచ్‌కి, అంటే టిఫినూ భోజనమూ కలిపి తినే విందుకు వెళ్లారు. బల్ల చుట్టూ అందరూ బ్లడీ మేరీ, అంటే వోడ్కా అనే మద్యంలో టమాటా రసం కలిపి చేసే కాక్‌టెయిల్ తెప్పించుకున్నారు. ఇది పారిస్‌లో పుట్టిందని ఒకరు, కాదు న్యూయార్క్‌లోనని మరొకరు వాదించుకున్నారు. మెనూలో దానికి చుట్టాల్లా ఐదారు పేర్లు కనిపించాయి, అసలుది ఏదో తేలలేదు. ఇంటికి వచ్చి డబ్బా టమాటా రసంలో వోడ్కా, నిమ్మరసం, ఉప్పు కలిపి చూస్తే చల్లారిపోయిన టమాటా చారులా ఉందన్నారు. వచ్చే నెల మీ ఇంటికి పన్నెండు మంది వస్తున్నారు, వాళ్లలో శాకాహారులూ మద్యం ముట్టనివారూ ఉన్నారు, అందరికీ సరిపడేలా ఎలా చేయాలన్నది నాలుగోది. ఒక్కొక్కటే చెబుతాను.

నేను 24 ఏళ్లుగా హోటల్ బార్లలో పనిచేస్తున్నాను. మొదట హైదరాబాద్, తర్వాత దుబాయ్, మధ్యలో కొన్నేళ్లు ప్రయాణికుల ఓడల మీద. ఈ పానీయాన్ని ఎన్ని వేలసార్లు కలిపానో లెక్క లేదు. మీరు చారుతో పోల్చినందుకు నాకు సంతోషంగా ఉంది. మీ నాలుక సరైన చోటే ఆగింది. బ్లడీ మేరీని మద్యంగా కాక, ఉప్పు పులుపు కారం సరిచూసుకోవలసిన చారుగా చూసినవాళ్లకే అది కుదురుతుంది. దాని చరిత్ర కూడా అదే చెబుతుంది.

పారిస్ కథతో మొదలుపెడదాం. అక్కడ రూ దోనూ వీధిలో 5వ నంబరు భవనంలో 1911లో న్యూయార్క్ బార్ అనే పేరుతో ఒక బార్ తెరిచారు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన హ్యారీ మెకెల్హోన్ 1923లో దాన్ని కొని ముందు తన పేరు చేర్చాడు. అప్పటి నుంచి అది హ్యారీస్ న్యూయార్క్ బార్. అక్కడ పనిచేసిన ఫెర్నాండ్ పెటియో అనే కుర్రవాడు 1920ల మొదట్లోనే వోడ్కాలో టమాటా రసం కలిపాడని ఆ బార్ వారి మాట. రష్యా విప్లవం తర్వాత పారిస్‌కు పారిపోయి వచ్చినవాళ్లు వోడ్కాను తెచ్చారు, అమెరికా నుంచి డబ్బాల్లో టమాటా రసం వచ్చింది, రెండూ పెటియో చేతిలో కలిశాయి. వినడానికి చక్కగా ఉంటుంది. పర్యాటకులకు ఈ కథే చెబుతారు.

నేను ఈ కథను పూర్తిగా నమ్మను. కారణం డబ్బా. టమాటా రసాన్ని తాగే పానీయంగా వడ్డించిన మొదటి సందర్భంగా ఎక్కువమంది చెప్పేది 1917 నాటిది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెంచ్ లిక్ స్ప్రింగ్స్ హోటల్లో నారింజ రసం అయిపోతే, వంటపెద్ద లూయీ పెరాన్ టమాటాలు పిండి ఇచ్చాడట. అతిథులు మెచ్చుకున్నారు, ఆ మాట పాకింది. కానీ ఆ రసాన్ని డబ్బాలో పెట్టి అమ్మడం తేలిక కాలేదు. కాసేపు నిలవ ఉంటే గుజ్జు అడుక్కి చేరి పైన పచ్చటి నీరు తేలుతుంది. ఇండియానాలోనే ఫ్రాంక్‌ఫర్ట్ అనే ఊళ్లో కెంప్ కుటుంబం నడిపిన టమాటా ఫ్యాక్టరీ ఈ చిక్కు విప్పింది. ఐస్‌క్రీమ్ తయారీలో వాడే యంత్రంతో గుజ్జును అతి మెత్తగా నలిపి, విడిపోని రసాన్ని 1928లో అమ్మకానికి తెచ్చింది. పెద్ద కంపెనీలు రంగంలోకి దిగింది ఆ తర్వాతే.

అంటే 1920ల మొదట్లో పారిస్ బార్‌కి అమెరికా డబ్బా చేరడం కష్టం. చేత్తో పిండుకుని ఉండవచ్చు కదా అంటే, ఉండవచ్చు. అయితే మెకెల్హోన్ స్వయంగా 1920లలో కాక్‌టెయిల్ పుస్తకాలు అచ్చువేశాడు. తన బార్లో పుట్టిన పానీయాలను గర్వంగా చెప్పుకున్న మనిషి. వాటిలో ఈ పానీయం లేదు. ఎవరి జ్ఞాపకం కన్నా డబ్బా తేదీ, పుస్తకంలోని ఖాళీ నాకు బలమైన సాక్ష్యాలు.

ఇక న్యూయార్క్. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉంది. ఆ చివరి ఏళ్లలో అక్కడి భోజనశాలల్లో 'టమాటా జ్యూస్ కాక్‌టెయిల్' అనేది బాగా వాడుకలోకి వచ్చింది. పేరులో కాక్‌టెయిల్ ఉన్నా మద్యం చుక్క ఉండదు. చల్లటి టమాటా రసంలో నిమ్మరసం, ఉప్పు, మిరియాలు, సాసు కలిపి భోజనానికి ముందు ఇచ్చేవారు. మద్యం లేని బ్లడీ మేరీని ఇవాళ వర్జిన్ మేరీ అని పిల్లలకిచ్చే బుజ్జగింపులా చూస్తారు గానీ, వరసకు అదే పెద్దది.

నిషేధం ముగిశాక 1934లో పెటియో న్యూయార్క్ వచ్చి, సెయింట్ రీజిస్ హోటల్లోని కింగ్ కోల్ బార్లో చేరాడు. మాక్స్‌ఫీల్డ్ పారిష్ 1906లో గీసిన కోల్ రాజు పెద్ద చిత్రం వల్ల ఆ బార్‌కి ఆ పేరు. అది మొదట నికర్‌బాకర్ హోటల్ కోసం గీసినది, తర్వాత ఇక్కడికి తరలింది.

ఈలోగా మూడో మనిషి వస్తాడు. జార్జ్ జెస్సెల్, ఆ కాలపు పేరున్న హాస్యనటుడు. 1927లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌లో రాత్రంతా విందు చేసుకుని, తెల్లారి వాలీబాల్ ఆట ఉండటంతో తేరుకోవడానికి, దుమ్ముపట్టిన వోడ్కా సీసా తీయించి టమాటా రసంతో కలిపానని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. పక్కనున్న మేరీ అనే సంపన్న యువతి తెల్లటి దుస్తుల మీద అది ఒలికిందనీ, ఆమె నవ్వుతూ తనను తాను బ్లడీ మేరీ అనుకుందనీ చెబుతాడు. ఆ పుస్తకం వచ్చింది 1975లో, అంటే దాదాపు యాభై ఏళ్ల తర్వాత. వివరాలన్నీ నమ్మనక్కర్లేదు. కానీ 1939 డిసెంబరులో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రికలో లూషియస్ బీబీ తన శీర్షికలో జార్జ్ జెస్సెల్ కొత్త పానీయం అంటూ బ్లడీ మేరీ పేరు రాశాడు. సగం టమాటా రసం, సగం వోడ్కా. అంతే, మరేమీ లేదు.

సరిగ్గా ఆ 'మరేమీ లేదు' అన్న చోటే జవాబు ఉంది. 1964లో న్యూయార్కర్ పత్రికతో మాట్లాడుతూ పెటియో తన గొప్ప తాను చెప్పుకున్నాడు గానీ అబద్ధమాడలేదు. జెస్సెల్ తానే కనిపెట్టానంటాడనీ, కానీ తన చేతికి వచ్చేనాటికి అది వట్టి వోడ్కా, టమాటా రసమేననీ, ఇవాళ్టి బ్లడీ మేరీని మొదలుపెట్టింది తాననీ అన్నాడు. తన పద్ధతి కూడా చెప్పాడు. షేకర్, అంటే మూతపెట్టి ఊపి కలిపే పాత్ర అడుగున నాలుగు పెద్ద చిటికెల ఉప్పు, రెండు చిటికెల మిరియాలపొడి, రెండు చిటికెల ఎర్రకారం, దాని మీద ఒక పొరగా వూస్టర్ సాసు అనే పుల్లటి ఇంగ్లండ్ సాసు. ఆపైన కాస్త నిమ్మరసం, నలగ్గొట్టిన ఐసు, రెండు ఔన్సుల వోడ్కా, రెండు ఔన్సుల చిక్కటి టమాటా రసం. బాగా కలిపి వడగట్టి పోయడమే. రోజుకు నూరు నుంచి నూటయాభై దాకా అమ్మేవాళ్లమని చెప్పాడు.

ఆ వరస మరోసారి చూడండి. ముందు ఉప్పు, మిరియాలు, కారం, సాసు. మద్యం చివర్లో. పెటియో వంటవాడిలా ఆలోచించాడు. అందుకే నా తీర్పు ఇది: రెండిటినీ కలిపిన చేయి జెస్సెల్‌ది కావచ్చు, ఇంకెవరిదైనా కావచ్చు. దానికి రుచి పెట్టిన చేయి పెటియోది, ఆ ఊరు న్యూయార్క్. అతను పారిస్‌లో పనిచేసి వచ్చాడు కాబట్టి మీ స్నేహితులిద్దరికీ కొంత న్యాయం ఉంది.

పేరు సంగతి క్లుప్తంగా చెబుతాను. 1553 నుంచి 1558 వరకు ఇంగ్లండ్‌ను ఏలిన మొదటి మేరీ రాణి సుమారు 280 మంది ప్రొటెస్టెంట్లను సజీవదహనం చేయించింది. ఆమెకు ప్రజలు పెట్టిన పేరే ఈ పానీయానికి వచ్చిందని చాలామంది అనుకుంటారు. జెస్సెల్ కథ పైన చెప్పాను. షికాగోలో 'బకెట్ ఆఫ్ బ్లడ్' అనే మద్యశాలలోని మేరీ అనే అమ్మాయి పేరు మీదుగా వచ్చిందన్న మాట మరొకటి. రుజువు దేనికీ లేదు. సెయింట్ రీజిస్ యజమానులకు మాత్రం ఆ పేరు మొరటుగా తోచి, తమ బార్లో 'రెడ్ స్నాపర్' అని మార్చారు. అక్కడ ఇప్పటికీ ఆ పేరే.

వోడ్కా అమెరికాకు ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ పానీయం దేశమంతా పాకడానికి అసలు కారణం అక్కడుంది. రష్యా నుంచి పారిపోయిన స్మిర్నోఫ్ కుటుంబం దగ్గర రుడాల్ఫ్ కునెట్ 1930లలో అమెరికా హక్కులు కొని, కనెటికట్ రాష్ట్రంలోని బెతెల్‌లో డిస్టిలరీ పెట్టాడు. వ్యాపారం సాగలేదు. 1939లో హ్యూబ్లైన్ కంపెనీకి చెందిన జాన్ మార్టిన్ 14,000 డాలర్లకు దాన్ని కొన్నాడు. విస్కీ, జిన్ అలవాటైన జనానికి రంగూ వాసనా లేని మద్యాన్ని అమ్మాలంటే దాన్ని దేనిలో కలుపుకోవాలో నేర్పాలి. 1950లలో స్మిర్నోఫ్ ప్రకటనల్లో జెస్సెల్ స్వయంగా బ్లడీ మేరీని కనిపెట్టింది తానేనని చెబుతూ కనిపించాడు. పుట్టుక గొడవ ఇంతగా ముదరడానికి ఆ ప్రకటనల డబ్బూ ఒక కారణమని నా నమ్మకం. 1967 నాటికి అమెరికాలో వోడ్కా అమ్మకాలు జిన్‌ను దాటిపోయాయి.

మరి ఉదయం పూటే ఎందుకు? బ్రంచ్ అనే మాటను 1895లో గై బెరింజర్ అనే ఆంగ్ల రచయిత ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. శనివారం రాత్రి ఆలస్యంగా పడుకున్నవాళ్లు ఆదివారం పొద్దెక్కి లేచి, టిఫినూ భోజనమూ ఒకటిగా కానివ్వాలన్నది ఆయన వాదన. అలాంటి ఉదయానికి ఉప్పగా, పుల్లగా, గుడ్లతోనూ బేకన్‌తోనూ సరిపడే పానీయం కావాలి. తీపి పానీయం ఆ పళ్లెం పక్కన నిలవదు. రాత్రి తాగింది దిగడానికి ఇది మందని ఇంకా చాలామంది నమ్ముతారు. దయచేసి నమ్మకండి. మళ్లీ మద్యం పోస్తే కాలేయానికి పని పెరుగుతుంది, తలనొప్పి వాయిదా పడుతుంది, అంతే. కాస్త ఊరట కలిగించేవి అందులోని ఉప్పూ నీరూ. అవి వర్జిన్ మేరీలోనూ ఉన్నాయి.

ఒక పక్కమాట. విమానాల్లో నేల మీద ఎప్పుడూ అడగనివాళ్లు కూడా టమాటా రసం అడుగుతారు. ఇది గమనించిన లుఫ్తాన్సా విమాన సంస్థ జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థతో పరీక్ష చేయించింది. ఎగిరే విమానంలోలా గాలి పీడనం తగ్గించిన గదిలో రుచి చూపిస్తే, నేల మీద మట్టివాసనగా తోచిన టమాటా రసం అక్కడ పండ్లరుచితో హాయిగా అనిపించిందట. 2015లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు ఇంజిను మోత వంటి చప్పుడులో తీపి తగ్గినట్టూ, ఉమామి రుచి పెరిగినట్టూ తోస్తుందని చూపించారు. ఉమామి అంటే పండిన టమాటాలోనూ పుట్టగొడుగుల్లోనూ ఉండే, నోరంతా పరుచుకునే కమ్మదనం. ఈ పానీయానికి వెన్నెముక అదే. జనం కిక్కిరిసిన ఆదివారపు భోజనశాల మోతలో ఇది అంతగా రుచించడానికి కూడా ఇదే కారణమేమోనని నాకు తోస్తుంది.

ఇప్పుడు మీ మెనూలోని చుట్టాలు. రెడ్ స్నాపర్ విషయంలో ముందే తికమక తీరుస్తాను. పేరు పుట్టిన కింగ్ కోల్ బార్లో దాన్ని వోడ్కాతోనే ఇస్తారు. మిగతా లోకమంతటా ఆ పేరుకు అర్థం జిన్‌తో చేసిన బ్లడీ మేరీ. నాకు జిన్‌దే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే జిన్‌లోని జునిపర్ కాయల, ధనియాల వాసన టమాటాతో మాట్లాడుతుంది, వోడ్కా మౌనంగా ఉంటుంది. టెకీలాతో చేస్తే బ్లడీ మరియా, దానికి పచ్చిమిర్చి బాగా నప్పుతుంది. డెన్మార్క్ వైపు జీలకర్రకు దగ్గరగా ఉండే కారవే గింజల వాసన గల ఆక్వవిట్ అనే మద్యంతో చేస్తారు, అది డేనిష్ మేరీ. డెట్రాయిట్‌లో 1950ల మొదట్లో కాకస్ క్లబ్ అనే చోట గొడ్డుమాంసం ఉడికించిన రసంలో వోడ్కా కలిపి బుల్ షాట్ అన్నారు. దాన్ని టమాటా రసంతో చెరిసగం చేస్తే బ్లడీ బుల్. గొడ్డుమాంసం తిననివాళ్లు మెనూలో బుల్ అన్న మాట కనబడితే తప్పక అడిగి తెలుసుకోవాలి. మెక్సికోలో బీరుకు నిమ్మ, ఉప్పు, కారపు సాసులు చేర్చిన మిచెలాడా ఉంది. టెక్సాస్‌లో మీకు అది అడుగడుగునా కనబడుతుంది గానీ అది ఈ ఇంటి బిడ్డ కాదు, మేనత్త వరస.

వీటన్నిటిలో సొంత వ్యక్తిత్వం ఉన్నది సీజర్. 1969లో కెనడాలోని కాల్గరీ నగరంలో ఒక హోటల్లో ఇటాలియన్ భోజనశాల తెరుస్తూ, దానికి గుర్తుగా ఒక పానీయం చేయమని వాల్టర్ చెల్‌ను అడిగారు. ఆయనకు ఇటలీలో తిన్న వోంగోలే స్పగెటీ గుర్తొచ్చింది. అది ఆల్చిప్పల జాతికి చెందిన క్లామ్‌లతో, టమాటాతో చేసే వంటకం. ఆ క్లామ్‌లను నలిపి తీసిన రసాన్ని టమాటా రసంలో కలిపి, గ్లాసు అంచుకు సెలరీ ఉప్పు (సెలరీ అనే వాసనగల ఆకుకూర గింజల పొడి కలిపిన ఉప్పు) అద్దాడు. అప్పటికే క్లామాటో అనే పేరుతో అలాంటి రసం సీసాల్లో అమ్మకానికి వస్తుండటంతో ఇళ్లలో చేసుకోవడమూ సులువైంది. ఇవాళ కెనడాలో బ్లడీ మేరీ అడిగితే సీజర్ కావాలా అని తిరిగి అడుగుతారు. సముద్రపు ఉప్పదనం టమాటాకు ఎంత లోతు తెస్తుందో, మన చేపల పులుసు తెలిసినవారికి వివరించనక్కర్లేదు.

సెలరీ కాడ ఎలా వచ్చిందంటే, షికాగోలోని అంబాసిడర్ ఈస్ట్ హోటల్లో పంప్ రూమ్ అనే భోజనశాలలో 1960లలో ఒక అతిథికి కలుపుకునే పుల్ల ఇవ్వడం మరిచారట, ఆమె పక్క పళ్లెంలోని సెలరీ కాడతో కలుపుకుందట. ఇప్పుడు అది లేకపోతే జనం గుర్తుపట్టరు. విస్కాన్సిన్ రాష్ట్రంలో అలంకారం ఇంకా దూరం వెళ్లింది. అక్కడ గ్లాసు పక్కన చిన్న బీరు ఇవ్వడం ఆనవాయితీ, పుల్లలకు చీజు, సాసేజి గుచ్చుతారు, మిల్వాకీలో మొత్తం వేయించిన కోడినే నిలబెట్టే చోటు ఉంది. అది అక్కడివారి ఆతిథ్యం, గౌరవిస్తాను. నా బార్లో మాత్రం ఒక సెలరీ కాడ, ఒక నిమ్మబద్ద దాటను. తినేది ఎక్కువైతే తాగేదాన్ని సరిచూసుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

సెయింట్ రీజిస్ హోటళ్లు ప్రపంచంలో ఎక్కడ తెరిచినా ఆ ఊరి రుచితో సొంత మేరీ తయారుచేస్తాయి. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నేనూ ఒకటి చేశాను. పావు లీటరు వోడ్కాలో గుంటూరు ఎండుమిరపకాయలు రెండు, గింజలు దులిపి, రెండు గంటలు నానబెట్టి తీసేయాలి. అంతకు మించితే చేదెక్కుతుంది. దానికి కొత్తిమీర కాడలు, అప్పుడే దంచిన మిరియాలు. సెలరీ ఉప్పు బదులు వాము వేసి చూశాను, వద్దు. వాము తక్కిన అన్నిటినీ మింగేస్తుంది. ఆవపిండి మాత్రం అద్భుతంగా పనిచేసింది. అమెరికన్లు వాడే హార్స్‌రాడిష్ అనే దుంపలోనూ, నల్ల ఆవాల్లోనూ ముక్కుకెక్కే ఘాటుకు మూలం ఒకే రసాయనం. ఆవ పెట్టిన కూర తిన్నవాళ్లకు ఆ ఘాటు తెలుసు. కారం నాలుక మీద, మిరియం గొంతులో, ఆవ ముక్కులో. మూడూ మూడు చోట్ల పలకాలి. ఒక్క కారపు సాసు ఎక్కువ పోస్తే మంట ఉంటుంది గానీ రుచి ఉండదు.

మీ గ్లాసు దగ్గరికి వద్దాం. మీరు వేసినవి టమాటా, నిమ్మ, ఉప్పు, వోడ్కా. ఇందులో పులుపు ఒకే రకం, కారం లేదు, కమ్మదనానికి బలం లేదు. తాలింపూ మిరియాలూ లేని చారు చల్లారితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. వూస్టర్ సాసు లేకపోవడమే పెద్ద లోటు. ఇంగ్లండ్‌లో లీ అండ్ పెరిన్స్ వారు 1837 నుంచి అమ్ముతున్న ఈ సాసులో వెనిగర్, బెల్లపు మడ్డి, వెల్లుల్లి, ఉల్లి, నెత్తళ్లు అనే చిన్న చేపలు, చింతపండు ఉంటాయి. అవును, చింతపండే. బెంగాల్ గవర్నరుగా చేసిన ఒక ప్రభువు ఈ సాసు తయారీ తెచ్చాడన్న కథ కల్పితం, ఆ కథలో చెప్పే ప్రభువు బెంగాల్ గవర్నరుగా చేయనేలేదు. కానీ మన చింతపండు ఆ సీసాలో ఉన్నది నిజం. మీ నాలుక చారును గుర్తుపట్టడంలో వింత ఏమీ లేదు.

ఒక గ్లాసుకు నా కొలత చెబుతాను. టమాటా రసం 120 మి.లీ., వోడ్కా 45 మి.లీ., నిమ్మరసం 15 మి.లీ., వూస్టర్ సాసు అర చెంచా, టబాస్కో అనే కారపు సాసు నాలుగైదు చుక్కలు, చిటికెడు సెలరీ ఉప్పు, దంచిన మిరియాలు, చిటికెడు ఆవపిండి. ఆవపిండిని చెంచాడు చల్లటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వేయండి, అప్పుడే ఘాటు వస్తుంది. ఉప్పు చివర్లో, రుచి చూసి. డబ్బా రసంలో ముందే ఉప్పు ఉంటుంది, రక్తపోటు ఉన్నవారు ఉప్పు వేయని డబ్బా ఎంచుకోవాలి. పెటియో కాలంలో రసం, వోడ్కా సరిసమానం, గ్లాసు చిన్నది. ఇప్పటి గ్లాసు పొడవు, అందుకే రసం ఎక్కువ.

కలిపే తీరులోనే చాలామంది పాడుచేస్తారు. షేకర్లో గట్టిగా ఊపితే నురగ వస్తుంది, ఐసు కరిగి పలచబడుతుంది. రెండు పెద్ద గ్లాసులు తీసుకుని, ఐసుతో సహా ఒకదానిలోంచి మరోదానిలోకి నాలుగైదు సార్లు తిరగబోయండి. మన టీకొట్టులో టీ తిరగబోసినట్టే, కానీ అంత ఎత్తు నుంచి కాదు. రసం చిక్కదనం నిలుస్తుంది, చల్లదనం సమంగా పడుతుంది. తర్వాత కొత్త ఐసు ఉన్న గ్లాసులోకి వడగట్టండి.

2011లో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో నీల్ డకోస్టా అనే రుచుల రసాయన శాస్త్రవేత్త బ్లడీ మేరీని అత్యంత సంక్లిష్టమైన కాక్‌టెయిల్‌గా వర్ణించాడు. వోడ్కా మీద కాదు, రసం మీద డబ్బు పెట్టమన్నది ఆయన సలహా. నా అనుభవమూ అదే. టమాటాలు బాగా దొరికే కాలంలో రసం ఇంట్లోనే తీయండి. ఉడికించని టమాటాలను మిక్సీలో తిప్పితే అరగంటలో నీరు విడిపోతుంది. తరిగిన మరుక్షణం నుంచే టమాటాలోని ఎంజైములు పెక్టిన్‌ను విరగ్గొట్టడం మొదలుపెడతాయి, రసాన్ని చిక్కగా పట్టి ఉంచేది ఆ పెక్టినే. ఫ్యాక్టరీల్లో తరిగిన వెంటనే వేడిచేసి వాటిని ఆపుతారు. మీరు ముందే వేడెక్కిన గిన్నెలోకి కాసిని కాసిని ముక్కలు తరిగి వేస్తూ పోండి, పది నిమిషాలు ఉడకనిచ్చి సన్నజల్లెడలో వడగట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. కిలో టమాటాలకు ముప్పావు లీటరుకు అటూ ఇటూగా వస్తుంది.

శాకాహారుల విషయంలో నా తప్పు ఒకటి చెప్పాలి. పని కొత్తలో ఒక పెద్దావిడకు, పూర్తి శాకాహారి, వర్జిన్ మేరీ ఇచ్చాను. మద్యం లేదు కదా అని నిశ్చింతగా ఉన్నాను. సగం తాగాక అందులో ఏమేముందని అడిగారు. సీసా లేబుల్ చదివి నెత్తళ్లు ఉన్నాయని చెప్పవలసి వచ్చింది. ఆవిడ నన్ను ఏమీ అనలేదు, గ్లాసు పక్కన పెట్టి లేచి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి అడగకుండా ఆ సాసు పోయను. నెత్తళ్లు లేని వూస్టర్ సాసులు మీ ఊళ్లో దొరుకుతాయి, లేబుల్ చదివి కొనండి. లేదా ఇలా చేయండి: లీటరు రసానికి చిక్కటి చింతపండు గుజ్జు పెద్ద చెంచాడు, సోయా సాసు రెండు చిన్న చెంచాలు, వెనిగర్ ఒక చిన్న చెంచా, ఉసిరికాయంత బెల్లం, నూనెలో పొంగించిన ఇంగువ చిటికెడు. సోయా కమ్మదనాన్నీ, ఇంగువ వెల్లుల్లి వాసననీ ఇస్తాయి. క్లామాటో సీసా మాత్రం శాకాహారుల బల్ల దగ్గరికి రానివ్వకండి.

పన్నెండు మందికి రెండు లీటర్ల పైచిలుకు రసం సరిపోతుంది. ముందురోజు రాత్రే దాన్ని రెండు జగ్గుల్లో పోసి, ఒకదానిలో వూస్టర్ సాసు, రెండోదానిలో చింతపండు మిశ్రమం వేసి, మిరియాలు, కారం, సెలరీ ఉప్పు రెండిటిలోనూ కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రి గడిచేసరికి రుచులు ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. నిమ్మరసం ముందే కలపకండి, పొద్దుటికి దాని తాజాదనం పోతుంది, వడ్డించే గంట ముందు పిండండి. ఆవపిండి కూడా అప్పుడే. ఐసు జగ్గులో వేయకూడదు. వోడ్కా కూడా జగ్గులో పోయకూడదు. సీసా పక్కన పెట్టి, కావలసినవారి గ్లాసులోనే పోస్తే, తాగనివారికీ డ్రైవింగ్ చేయవలసినవారికీ అదే జగ్గులోంచి అదే రుచి అందుతుంది. రెండు జగ్గులూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి, చింతపండు కలిపిన దాని పిడికి ఒక కరివేపాకు రెమ్మ కట్టి, ఎందుకు కట్టారో వచ్చినవాళ్లకు ముందే చెప్పండి.